‘తోపులో లారీలు రావు కదా’: మట్టిలో బండి నేర్చిన తమ్ముడికి రోడ్డు మీదికి ఏది కొనాలి?

చంద్రగిరికీ పాకాలకూ మధ్య ఉన్న ఒక పల్లె ఆడపడుచు రాసిన ఉత్తరం ఇది. ఆమె వయసు 27. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటి దగ్గర అమ్మ, నాయన, 19 ఏళ్ల తమ్ముడు ఉన్నారు. ఇంజినీరింగ్ సీటు తెచ్చుకుంటే బండి కొనిస్తానని తమ్ముడికి ఆమె మాట ఇచ్చారు. సీటు వచ్చింది, మొదటి ఏడాది కూడా గడిచింది. కాలేజీ తిరుపతి అవతల రేణిగుంట రోడ్డులో ఉంది. ఇంటి నుంచి 35 కిలోమీటర్లు, రెండు బస్సులు మారాలి. మాట నిలబెట్టుకునే వేళ వచ్చేసరికి ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు.

తమ్ముడు బండికి కొత్తవాడు కాదు. పదమూడో ఏట నుంచి సొంత మామిడి తోపులో, తోపు వెనక వంకలో, గుట్ట పక్క బండ్ల బాటలో తోలుతున్నాడు. ఆ బండి మేనమామది, పాత యమహా ఆర్‌ఎక్స్ 100. లైట్లు, అద్దాలు పీకేసి గుబ్బల టైర్లు వేయించాడు. కాగితాలు లేవు కాబట్టి అది తోపు దాటి రాలేదు. నిరుడు కర్ణాటక వైపు జరిగిన మట్టి ట్రాక్ పోటీలకు స్నేహితుడి బండి మీద రెండుసార్లు వెళ్లి, ఒకసారి మూడో స్థానంలో వచ్చాడు. పోయిన నెల ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) తీసుకున్నాడు. ఇప్పుడు అతనికి కావాల్సింది కేటీఎం 390 డ్యూక్. ‘అక్కా, మట్టిలో తోలినోడికి తారు రోడ్డు ఒక లెక్కా?’ అంటున్నాడు. నాయన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ అంటున్నారు. బరువుంటే రోడ్డును పట్టుకుని పోతుందని, పిల్లవాడు స్పీడు పోలేడని ఆయన నమ్మకం. అమ్మ అసలు బండే వద్దంటోంది. ఆరేళ్ల కిందట ఆమె తమ్ముడు, అంటే ఆ మేనమామే, రాత్రిపూట వెనక లైటు లేని చెరకు ట్రాక్టర్‌ను గుద్దుకుని చనిపోయారు. ఆ రోజు ఆయన తోలింది వేరే బండి. ఆర్‌ఎక్స్ షెడ్డులోనే ఉండిపోయింది. తోపులో కొడుకు ఎంత దూకించినా అమ్మ ఏనాడూ ఆపలేదట. ‘తోపులో లారీలు రావు కదా’ అనేదట.

ఈమె దగ్గర రెండున్నర లక్షలు ఉన్నాయి. తక్కువైతే లోన్ పెడదామని తమ్ముడి సలహా. ‘ఏ బండి కొనాలో చెప్పండి. అసలు కొనాలా వద్దా అన్నది కూడా చెప్పండి. కొనకపోతే మాట తప్పినట్టు. వాడు పది రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. కొన్నాక వాడికేమన్నా అయితే, కొనిచ్చింది నేనే కదా. ఈ టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టడం లేదు’ అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ మీ అమ్మగారి మాట దగ్గరే ఆగిపోయాను. తోపులో లారీలు రావు కదా. బండి తోలడం తెలిసినవాళ్లు చాలామంది గంటసేపు చెప్పినా తేల్చలేని విషయాన్ని ఆమె ఒక్క మాటలో తేల్చేశారు. తోపులో ప్రమాదం నేల నుంచి వస్తుంది. ఇసుక, వేరు, బండరాయి, వంక అంచు, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. మీ తమ్ముడు ఆరేళ్లుగా వాటిని చదువుతూ ఉన్నాడు. రోడ్డు మీద ప్రమాదం మనుషుల నుంచి వస్తుంది. వాళ్లు కదులుతుంటారు, మనసు మార్చుకుంటారు, ఫోను చూస్తుంటారు. ఈ రెండో చదువు అతను ఇంకా మొదలుపెట్టలేదు. ఎంత బాగా దూకించినా, ఎంత వంచినా, ఆ చదువు అందులో రాదు.

అతను రోజూ వెళ్లాల్సిన దారినే తీసుకోండి. హైవే అంటే ఎదురు రాకపోకలు ఉండవనుకుంటాం. కానీ ఊరి దగ్గర డివైడర్ తెరిచిన చోటు కోసం కిలోమీటరు చుట్టు తిరగడం ఎందుకని పాల క్యాన్ల బండ్లు రాంగ్ రూట్‌లో ఎదురొస్తాయి. చంద్రగిరి దాటాక తిరుమల కొండకు వెళ్లే కార్లు మొదలవుతాయి. తమిళనాడు నుంచో కర్ణాటక నుంచో వచ్చిన డ్రైవరు ఫోన్‌లో దారి చూసుకుంటూ, టర్నింగ్ దాటిపోయానని తెలియగానే నడిరోడ్డు మీద బ్రేకు వేస్తాడు. తమిళుల పెరటాసి నెలలో, అంటే సెప్టెంబర్, అక్టోబర్‌లలో, చీకటితోనే రోడ్డు అంచున నడిచే భక్తులు గుంపులుగా ఉంటారు. జూన్, జూలైల్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోడ్డు మీదికి బారులు తీరతాయి. కాయ నలిగి కారిన రసం మీద టైరు పడితే ఎలా ఉంటుందో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. చెరకు నరికే రోజుల్లో ట్రాక్టర్ల సంగతి మీ ఇంటికి తెలిసినంత ఎవరికీ తెలియదు.

అలాగని మీ తమ్ముడికి వచ్చిన విద్యను తక్కువ చేయవద్దు. ఇంట్లో అందరూ అదే పొరపాటు చేస్తున్నారేమో అనిపించింది, అందుకే అతను మొండికేస్తున్నాడేమో కూడా. మట్టిలో నేర్చినవాడికి వెనక చక్రం జారితే గుండె ఆగదు. చేతులు బిగుసుకోవు. చూపు పది మీటర్ల ముందు ఉంటుంది, ముందు చక్రం మీద ఉండదు. క్లచ్ వాడకం వేళ్లలో ఉంటుంది. నేరుగా రోడ్డు మీద నేర్చుకున్న చాలామందికి పదేళ్లకు కూడా ఇవి రావు. ఈ మాట మీరు అతనితో మనస్ఫూర్తిగా ఒకసారి అనండి. ఆ తర్వాతే మిగతాది చెప్పండి, అప్పుడే వింటాడు.

మిగతాది ఏమిటంటే, మట్టిలో మంచివైన కొన్ని అలవాట్లు తారు మీద ఎదురు తిరుగుతాయి. వదులు మట్టిలో ముందు బ్రేకు గట్టిగా పడితే పడిపోతాం, అందుకని కాలు వెనక బ్రేకు మీద స్థిరపడుతుంది. తారు మీద ఆ లెక్క తలకిందులు. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, ఆపే పనిలో ఎక్కువ భాగం దానిదే. వెనక బ్రేకును నమ్ముకున్నవాడు ఆగాల్సిన చోట కాకుండా చాలా ముందుకు వెళ్లి ఆగుతాడు. ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజకుండా, మెత్తగా మొదలుపెట్టి బలం పెంచుతూ పిండడం మీ తమ్ముడు కొత్తగా నేర్చుకోవాలి. మట్టిలో మలుపు తిరిగేటప్పుడు బండిని కిందికి తోసి ఒళ్లు నిటారుగా ఉంచుతారు, కాలు బయటికి చాపుతారు. రోడ్డు మీద వేగంలో ఒళ్లు బండితోపాటే వంగాలి, కాలు పెగ్ (పాదం పెట్టే కడ్డీ) మీదే ఉండాలి. వంకలో కాలు ఆనితే ఇసుక లేస్తుంది. తారు మీద కాలు ఆనితే మడమ విరుగుతుంది.

ఇంకొకటుంది, దీన్ని ఎక్కువమంది గమనించరు. ఆర్‌ఎక్స్ టూ స్ట్రోక్ ఇంజిన్. యాక్సిలరేటర్ వదిలితే అది బండిని పెద్దగా పట్టి ఉంచదు, అలా జారిపోతుంది. ఇప్పుడు కొనేది ఏదైనా ఫోర్ స్ట్రోకే. వదలగానే ఇంజినే సగం బ్రేకులా పట్టుకుంటుంది. భాకరాపేట ఘాట్ దిగేటప్పుడో, కొండ దిగేటప్పుడో ఇదే ప్రాణం కాపాడుతుంది. రెండో గేరులో పెట్టి ఇంజిన్ మీద దిగాలి. బ్రేకు అదేపనిగా నొక్కిపట్టి దిగితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. న్యూట్రల్‌లో దించే అలవాటు ఉంటే మొదటి రోజే మాన్పించాలి.

ఇక వేగం లెక్క. 40లో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. 80లో 22 మీటర్లు. అది రెండింతలే. కానీ బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. తోపులో 40 దాటడం గగనం కాబట్టి మీ తమ్ముడి కంటికి, చేతికి ఉన్న అంచనాలన్నీ ఆ వేగానివే. కొత్త అంచనాలు కుదరడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలల్లో తప్పు చేసినా కొంత సందు మిగిల్చే బండి కావాలి. నేను బండ్లను ఆ కొలతతోనే చూస్తాను.

మొదట అతను అడిగిన 390 గురించే. ఆర్‌ఎక్స్ 100 శక్తి 11 హార్స్‌పవర్, బరువు 103 కిలోలు. ఇప్పటి 390 డ్యూక్ శక్తి 45 హార్స్‌పవర్ చుట్టూ ఉంటుంది, బరువు 170 కిలోలకు కాస్త తక్కువ. అంటే బరువు ఒకటిన్నర రెట్లు పెరిగితే శక్తి నాలుగు రెట్లు పెరిగింది. బండి చెడ్డది కాదు. బ్రేకులు చాలా మంచివి, వెనక చక్రం జారకుండా శక్తిని తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ ఉంది, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది, అది మలుపులో కూడా పనిచేస్తుంది. ఈ వాదన అతను ఇప్పటికే మీ ముందు పెట్టి ఉంటాడు, అందులో నిజముంది. అందులోనే వెనక చక్రానికి ఏబీఎస్‌ను ఆపేసే సూపర్‌మోటో మోడ్ కూడా ఉంది. మట్టి కుర్రాడికి అదే అన్నిటికన్నా నచ్చుతుంది. చిక్కు ఏమిటంటే ఈ బండి మీద 80 కూడా 40లాగే అనిపిస్తుంది. ఎంత వేగంలో ఉన్నాడో ఒంటికి తెలియదు, మీటరు చూస్తేనే తెలుస్తుంది. రోడ్డు మీద మనుషులను చదవడం నేర్చుకోవాల్సిన మొదటి ఏడాదిలో, చదివే లోపలే పేజీ తిరిగిపోతుంది. పైగా మీ బడ్జెట్ దాటుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, 350 దాటితే 40 శాతం. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలి. 2022లో ఖరారైన రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ వరకు 7,365 రూపాయలు, ఆపైన 15,117. దీనిమీద లోన్ వడ్డీ. ఆ ఈఎంఐ మీరు నెలనెలా కడుతుంటే, ప్రతి నెలా ఆ భయం కూడా కొత్తగా మొదలవుతుంది. ఇదే కొంటే ఆకాశం విరిగి పడుతుందని నేను అనను. జాగ్రత్తగా నెట్టుకొచ్చినవాళ్లు ఉన్నారు. నా తమ్ముడైతే రెండో బండిగా కొనేవాణ్ని, మొదటిదిగా కాదు.

నాయన చెప్పే బుల్లెట్‌లో ఆయన ఆశించే గుణం ఒకటి నిజంగా ఉంది. 20 హార్స్‌పవర్, తొందరపెట్టని ఇంజిన్, తోలేవాడిని నెమ్మదింపజేసే తత్వం. బరువు గురించి మాత్రం ఆయన పొరబడుతున్నారు. 195 కిలోల బండి నేరుగా పోయేటప్పుడు నిలకడగా అనిపిస్తుంది. కుక్క అడ్డొచ్చినప్పుడు పక్కకు తప్పించాలన్నా, ఠక్కున ఆపాలన్నా ఆ బరువే ఎదురు తిరుగుతుంది. వంద కిలోల బండిని మోకాళ్లతో ఆడించినవాడికి అది మరీ పరాయిగా ఉంటుంది. ఇంకో సంగతి, ఇష్టం లేని బండి కొనిస్తే అది ఇంట్లో ఉంటుంది, అతను స్నేహితుల బండ్ల మీద ఉంటాడు. అప్పుడు ఏ హెల్మెట్టు, ఏ ఇన్సూరెన్సు అన్నది మీ చేతిలో ఉండదు. నాయన మాట నిలవాలని మీకుంటే, అదే కంపెనీ హంటర్ 350 ఒకసారి చూడండి. 181 కిలోలు, సీటు కిందికి ఉంటుంది, టౌన్‌లో సులువుగా తిరుగుతుంది.

నేను ఎక్కువసేపు ఆలోచించింది రెండు రకాల మధ్య. ఒకటి మట్టికీ తారుకూ కుదిరే బండి, అంటే హీరో ఎక్స్‌పల్స్ లాంటిది. 200 సీసీ మోడల్ శక్తి 19 హార్స్‌పవర్, 210 అయితే 24 పైన. ఎత్తైన సీటు, ముందు 21 అంగుళాల చక్రం, పొడవాటి షాకబ్జర్లు. మీ తమ్ముడు ఎక్కగానే సొంతింట్లో ఉన్నట్టు ఉంటాడు. గుంతల రోడ్డుకు ఇంతకన్నా మంచిది లేదు. ఎత్తులో కూర్చుంటాడు కాబట్టి కార్ల మీదుగా ముందు ఏం జరుగుతోందో కనబడుతుంది, ఇది రోడ్డు చదవడానికి పెద్ద మేలు. ఆదివారం తోపులోకీ పనికొస్తుంది. కానీ ఆ సొంతింటి సుఖంలోనే ఒక ప్రమాదముంది. కింద బండి మట్టి బండే కాబట్టి పాత అలవాట్లు కూడా దానితోపాటు రోడ్డెక్కుతాయి. మలుపులో కాలు బయటికొస్తుంది, వెనక బ్రేకే ముందు అందుతుంది. దీన్ని కొంటే రెండు షరతులు పెట్టండి. ఒకటి, కంపెనీ ఇచ్చిన టైర్లే ఉండాలి, గుబ్బల టైర్లు వేయించకూడదు. గుబ్బల మధ్య ఖాళీల వల్ల తారుకు ఆనే రబ్బరు తగ్గుతుంది, వానలో మరీ. రెండు, ఏబీఎస్ రోడ్ మోడ్‌లోనే ఉండాలి. 125 సీసీ దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరే, కానీ చట్టానికి ముందు చక్రానికి ఉంటే చాలు. ఎక్స్‌పల్స్ 200లో ముందు చక్రానికే ఉంది, 210లో రెండింటికీ ఉంది. డబ్బులు సరిపోతే ఆ తేడాకు పెట్టండి, రంగులకు స్టిక్కర్లకు కాదు.

రెండోది మామూలు రోడ్డు బండి, 155 నుంచి 200 సీసీ లోపు. యమహా ఎంటీ-15, అపాచీ ఆర్‌టీఆర్ 200, పల్సర్ ఎన్160 లాంటివి. వీటిలో కుర్రవాడికి నచ్చే చురుకుదనం ఉంది. ఎంటీ-15 బరువు 140 కిలోల దరిదాపుల్లోనే, ఆర్‌ఎక్స్ చేతికి మరీ భారం కాదు. కూర్చునే తీరు, బ్రేకులు, టైర్లు అన్నీ తారుకే చేసినవి కాబట్టి బండి ఎక్కగానే ఇది వేరే ఆట అని ఒంటికి తెలుస్తుంది. పాత అలవాట్లు త్వరగా వదులుతాయి. నష్టమేమిటంటే తోపుకు పనికిరాదు, మన పల్లె రోడ్ల గుంతల్లో నడుం పట్టేస్తుంది, ఏడాదిన్నరలో అతనికి చిన్నదైపోయిందనిపిస్తుంది. అలా అనిపించడం నా దృష్టిలో నష్టం కూడా కాదు. అప్పటికి 390 అడిగితే, అడిగేవాడు వేరే మనిషై ఉంటాడు.

ఈ రెండింట్లో ఏది అని గట్టిగా అడిగితే, ఆర్‌ఎక్స్ ఇంట్లోనే ఉంటుంది అనుకుంటే రెండో రకం వైపు మొగ్గుతాను. ఆర్‌ఎక్స్‌ను తీసేస్తారంటే మొదటి రకం. అతను ఈ రెండింటినీ నడిపి చూడకుండా మాత్రం నిర్ణయించవద్దు.

పాత బండి మాట ఎవరూ ఎత్తలేదు. రెండు మూడేళ్లు వాడిన బండి అయితే ధర బాగా తగ్గుతుంది, మొదటి ఏడాది పడే గీతలకు మనసు విలవిల్లాడదు. కొనే ముందు తెలిసిన మెకానిక్‌ను తోడు తీసుకెళ్లండి. హ్యాండిల్ నిటారుగా ఉందా, ముందు ఫోర్కుల (ముందు చక్రం షాకబ్జర్ల) దగ్గర ఆయిల్ కారుతోందా, ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో చలాన్లు, ఫైనాన్స్ బాకీ ఉన్నాయా చూడండి. ఇన్సూరెన్స్ కూడా కొన్నవాడి పేరుకు మారాలి. ఆర్సీ ఒక్కటి మార్చుకుని ఇన్సూరెన్స్ వదిలేసేవాళ్లే ఎక్కువ.

కాగితాల విషయంలో మీకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. డబ్బు మీదే కాబట్టి బండి మీ పేరు మీద, బెంగళూరులో కొందామని ఎవరైనా సలహా ఇస్తారు. ఆ పని చేయకండి. బండి తిరిగేది ఇక్కడ, కర్ణాటక నంబరు వేయించుకుంటే మళ్లీ ఇక్కడి లైఫ్ టాక్స్ తలనొప్పి. అంతకన్నా ముఖ్యంగా, ఇన్సూరెన్స్‌లో యజమానికి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆర్సీలో పేరున్న, లైసెన్స్ ఉన్న మనిషికే వర్తిస్తుంది. బండి మీ పేరున ఉండి తోలేది తమ్ముడైతే, తోలేవాడికే ఆ రక్షణ లేకుండా పోతుంది. అతనికి 19 నిండాయి. అతని పేరునే తీసుకోండి, పక్కా లైసెన్స్ వచ్చాకే తాళాలు ఇవ్వండి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజులకు టెస్టుకు వెళ్లొచ్చు, కాబట్టి ఎంతో దూరం లేదు. ఎల్‌ఎల్‌ఆర్ మీద వెనక స్నేహితుణ్ని ఎక్కించుకోవడం కుదరదని కూడా చెప్పండి.

మీ రెండున్నర లక్షల్లో 20,000 నుంచి 25,000 రూపాయలు ముందే పక్కన పెట్టేయండి. బండి ధర మిగతాదానికే సరిపోవాలి. పోటీలకు వాడే ముక్కు హెల్మెట్ హైవేకు పనికిరాదు, వేగంలో ఆ ముక్కుకు గాలి పట్టి తలను వెనక్కి లాగుతుంది. ఐఎస్ఐ గుర్తున్న ఫుల్ ఫేస్ హెల్మెట్, సైజు సరిగ్గా పట్టేది, అతని తలకు పెట్టి చూసి కొనండి. గ్లవ్స్, చీలమండ దాటే షూ, మోచేతులకు భుజాలకు గార్డులున్న జాకెట్. ఎండాకాలంలో మన తిరుపతి వేడికి జాకెట్ వేసుకోమంటే ఎవరికైనా కష్టమే, అందుకే గాలి ఆడే మెష్ రకం తీసుకోండి. మట్టి పోటీల్లో గార్డులు లేకుండా ట్రాక్ ఎక్కనివ్వరు, కాబట్టి ఈ అలవాటు అతనికి కొత్త కాదు. మెత్తటి మట్టి మీద వేసుకునేవి గట్టి తారు మీద ఎందుకు తీసేస్తున్నాడో అతన్నే అడగండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. దీనికి నా దగ్గర బండ్ల లెక్కలాంటి లెక్క లేదు, అనుకున్నది చెబుతాను.

మీ మేనమామ పోయి ఆరేళ్లు. మీ తమ్ముడు పదమూడో ఏట బండి మొదలుపెట్టాడు, ఇప్పుడు పందొమ్మిది. ఉత్తరంలో ఈ రెండు సంగతులూ వేరువేరు పేరాల్లో ఉన్నాయి, మీరు వాటిని కలిపి రాయలేదు. షెడ్డులో ఉండిపోయిన మామ బండిని ఆ పిల్లవాడు బయటికి తీసింది ఆ ఏడాదే. మీ అమ్మ ఆపకపోవడానికి లారీలు రాకపోవడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. తోపులోంచి ఆ సైలెన్సర్ చప్పుడు వినిపిస్తుంటే ఆమెకు ఏమనిపించేదో మనకు తెలియదు. నేను ఎక్కువ ఊహిస్తున్నానేమో, అయితే క్షమించండి. కానీ ఇంట్లో జరుగుతున్న గొడవ డ్యూకా బుల్లెట్టా అన్నది మాత్రమే కాదనిపిస్తోంది. మామ గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు, ఇప్పుడు బండి పేరుతో అందరూ ఆయన గురించే మాట్లాడుతున్నారు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ దగ్గర ఒంటరిగా కూర్చుని, బండి ఊసెత్తకుండా, మామ గురించి అడగండి.

కొనిచ్చింది నేనే కదా అన్న భయం గురించి. అమ్మా, మీరు కొనకపోతే అతను బండి ఎక్కకుండా ఉంటాడా? ఉండడు. కాలేజీలో స్నేహితుల బండ్లున్నాయి, నాలుగేళ్లలో ఉద్యోగం వస్తుంది. అతను రోడ్డెక్కడం మీ చేతిలో లేదు. ఎలాంటి బండి మీద, ఏ హెల్మెట్టుతో, ఎవరి దగ్గర నేర్చుకుని ఎక్కుతాడన్నది మాత్రం ఇప్పుడు కొంతవరకు మీ చేతిలో ఉంది. ఆ కొంత దాటాక జరిగేది మీ లెక్కలో రాసుకోకండి. మీ మామను పొట్టన పెట్టుకున్నది వెనక లైటు లేని ట్రాక్టర్. ఆయనకు ఆ బండి అమ్మినవాళ్లు కాదు కదా.

అలాగని మనసు ఒప్పకపోతే ఆరు నెలలు ఆగడం కూడా ఒక దారే. అది మాట తప్పడం కాదు, కానీ తేదీ చెప్పి ఆగాలి. పక్కా లైసెన్స్ రావాలి, ఆ తర్వాత మూడు నెలలు నాయన దగ్గరున్న బండి ఏదైనా తీసుకుని వారానికి రెండు రోజులు కాలేజీకి వెళ్లి రావాలి, అప్పుడు కొంటాను అని చెప్పండి. తేదీ లేకుండా చూద్దాంలే అంటే అతనికి అది లేదన్న మాటే. ఆగితే అతని కోపం ఇంకొన్నాళ్లు భరించాలి, ఈలోపు స్నేహితుల బండ్ల బెడద ఉంటుంది. ఆ రెండూ తెలిసే ఆగండి.

కొన్నాక మొదటి మూడు నెలలకు కొన్ని ఒప్పందాలు చేసుకోండి. ఆజ్ఞలుగా పెడితే నిలవవు, అతని చేతే చెప్పించుకోండి. చీకటి పడ్డాక హైవే వద్దు, సాయంత్రం క్లాసు ఆలస్యమైతే బండి కాలేజీలోనే పెట్టి బస్సెక్కాలి. ఇది మీ అమ్మ కోసం కూడా. మొదటి రెండు వారాలు ఆదివారం తెల్లవారి అయిదున్నరకు, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, కాలేజీ దాకా వెళ్లి రావాలి. ఎక్కడ ఊరి క్రాసింగ్ ఉంది, ఎక్కడ ఇసుక పేరుకుంటుంది అన్నది కంటికి పట్టాలి. ఎక్కడైనా విశాలమైన ఖాళీ తారు జాగా చూసుకుని, 40లో వచ్చి ముందు బ్రేకుతో ఆగడం రోజుకు ఇరవైసార్లు చేయాలి. ఏబీఎస్ లివర్‌లో కొట్టుకోవడం ఒకసారి చేతికి తెలియాలి, లేకపోతే నిజంగా అవసరమైన రోజు బెదిరి వదిలేస్తారు. తొలి వాన పడిన అరగంట బండి ఆపేయాలి. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న ఆయిల్, దుమ్ము ఆ తడికి జిగురవుతాయి. దామలచెరువు దగ్గర నేను పడింది అలాంటి వానలోనే, అది కూడా పదేళ్లు బండి తోలాక. ముందు ఆటో ఆగింది, నేనూ ఆపాను, చక్రం ఆగలేదు. మోకాలి చిప్ప ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు గుర్తు చేస్తుంది.

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కాలని కూడా త్వరలోనే అడుగుతాడు, మన కుర్రాళ్లందరూ అడుగుతారు. ఎక్కే దారి, దిగే దారి వేరు కాబట్టి ఎదురు బండ్లు రావు, మలుపులు నేర్చుకోవడానికి అది మేలే. కానీ అది దేవుడి దారి, బస్సుల దారి. బైకులకు వేళల నియమాలు కూడా ఉంటాయి, అలిపిరిలో కనుక్కుని వెళ్లాలి. మూడో నెల దాటాక, మీరు సెలవుకు వచ్చినప్పుడు, వెనక మీరే కూర్చుని వెళ్లండి. వెనక అక్క కూర్చుంటే ఎలా తోలతాడో మీకూ తెలుస్తుంది, అతనికీ తెలుస్తుంది.

ఆర్‌ఎక్స్‌ను మాత్రం అమ్మనివ్వకండి. కొత్త బండి వచ్చింది కదా, పాతదానికి ఇప్పుడు మంచి రేటుంది అని ఎవరో ఒకరు అంటారు. ఉండనివ్వండి. గట్టిగా తోలాలని చేతులు తీటపెట్టిన రోజు అతనికి వెళ్లడానికి ఒక చోటుండాలి. ఆ చోటు మీ తోపే, అక్కడ లారీలు రావు.